రెండు ఎర్ర బటన్లు

కాకినాడలో మా అమ్మ ఇంట్లో టీవీ పెట్టాలంటే రెండు రిమోట్లు కావాలి. ఒకటి టీవీది, ఒకటి సెట్‌టాప్ బాక్సుది. మొదటిదాని మీద 44 బటన్లు, రెండోదాని మీద 39. వెరసి 83. వీటితో ఆవిడ చేసే పనేమిటయ్యా అంటే పొద్దునపూట ఎస్వీబీసీ, సాయంత్రం సీరియళ్ళు, రాత్రి తొమ్మిదింటికి వార్తలు, ఆదివారం ఏదన్నా నాగేశ్వరరావు సినిమా. మధ్యమధ్య సౌండు కాస్త పెంచుకోవడం, కాస్త తగ్గించుకోవడం. పాల లెక్కా, చీటీ వాయిదా, అద్దెవాళ్ళ కరెంటు బిల్లూ నోటిమీద కట్టెయ్యగల మనిషి ఈ 83 బటన్ల దగ్గర మాత్రం రోజు విడిచి రోజు ఓడిపోతుంది. ఓడిపోయినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తుంది. నేను హైదరాబాదులో పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను గనక, టీవీ రాకపోవడం నా శాఖ కిందికే వస్తుందని ఆవిడ ఏనాడో తేల్చేసింది.

"అమ్మాయ్, టీవీ అంతా నీలంగా అయిపోయిందే."

"మధ్యలో ఏమన్నా రాసుందా?"

"ఏదో ఇంగ్లీషు ముక్క అటూ ఇటూ తిరుగుతోంది."

నో సిగ్నల్ అన్నమాట. టీవీ లేచింది, బాక్సు లేవలేదు.

"సరే, ఎర్ర బటన్ నొక్కు."

"ఏ ఎర్ర బటనే? రెండింటికీ ఉంది కదా ఎర్ర బటను."

"బాక్సు రిమోట్‌దమ్మా."

"రెండూ నల్లగానే ఏడిశాయి. పైగా దుమ్ము పడకుండా రెండింటికీ కవర్లు తొడిగాను. ఉండు... ఆ, నొక్కాను. ఇప్పుడు బొమ్మ మొత్తం పోయింది."

నొక్కింది టీవీది. ఇప్పుడు రెండూ పడుకున్నాయి. ఈ స్థితిలో రెండు ఎర్ర బటన్లూ ఒక్కోసారి నొక్కితే రెండూ లేస్తాయి, కథ సుఖాంతం. కానీ నేనా మాట చెప్పేలోపే అమ్మ కంగారులో ఇంకోసారి దేన్నో నొక్కేసి ఉంటుంది. ఒకటి లేచి, ఒకటి పడుకుని ఉన్నప్పుడు రెండూ నొక్కితే లేచింది పడుకుంటుంది, పడుకున్నది లేస్తుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ తారుమారు. సాయంత్రం దాకా అలా నొక్కుతూ కూర్చున్నా వాటికి పొత్తు కుదరదు. దీనికి అమ్మ వయసుతో గానీ చదువుతో గానీ పని లేదు. ఐఐటీలో చదివినవాడు కళ్ళు మూసుకుని నొక్కినా ఇదే ఫలితం వస్తుంది.

రిమోట్ గురించి ఎవరిని కదిపినా ముందు బటన్ల సంఖ్య మీద విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయం ఉంది. మా అమ్మ రిమోట్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం రంగుల్లో నాలుగు బటన్లు వరసగా ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి, ఒకసారి చూడండి. ఎప్పుడైనా నొక్కారా? అవి బ్రిటన్‌లో 1980లలో టెలిటెక్స్ట్ పేజీలు, అంటే టీవీ తెర మీదే చదువుకునే సమాచార పేజీలు, తిప్పుకోవడానికి పెట్టిన బటన్లు. ఆ టెలిటెక్స్ట్ వాళ్ళకే ఏనాడో పోయింది. బటన్లు మాత్రం వంశపారంపర్యంగా కాకినాడ దాకా వచ్చి స్థిరపడ్డాయి.

ఇన్ని బటన్లెందుకంటే, బటన్ చాలా చవక. రిమోట్ విప్పి చూస్తే లోపల ఉండేది ఒక రబ్బరు పట్టా, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్ళలు, ఆ కింద రాగి గీతల బోర్డు. గీతలు అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది ఉంటే వాటి కూడళ్ళలో 64 బటన్లు పెట్టొచ్చు. రబ్బరు పట్టా ఎలాగూ పోత పోయాలి. ఇరవై బుడిపెలు పోసినా అరవై పోసినా ఖర్చులో పెద్ద తేడా రాదు. కంపెనీలో ఒక్కో విభాగం వాళ్ళు తమ సదుపాయానికి ఒక బటన్ ఉండాలని పట్టుబడతారు, వద్దని చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాదు. అమ్మ తరఫున ఆ గదిలో కూర్చునేవాడు ఎవడూ ఉండడు.

మొదట్లో మాత్రం అలాంటివాడు ఒకడు ఉన్నాడు, కాకపోతే తన తరఫునే. అమెరికాలో జెనిత్ అనే రేడియో, టీవీల కంపెనీకి అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్. ఆయనకు టీవీలో ప్రకటనలంటే ఒళ్ళుమంట. కుర్చీలోంచి లేవకుండా వాటి నోరు మూయించే సాధనం కావాలని తన ఇంజనీర్ల వెంటపడ్డాడు. 1950లో వాళ్ళు 'లేజీ బోన్స్' అని ఒకటి తెచ్చారు. దానికి టీవీ దాకా తీగ ఉండేది, నట్టింట్లో ఆ తీగ కాళ్ళకు అడ్డం పడేది. 1955లో యూజీన్ పోలీ అనే ఇంజనీరు తీగ లేకుండా 'ఫ్లాష్‌మాటిక్' చేశాడు. బొమ్మ తెర నాలుగు మూలలా వెలుగును పసిగట్టే నాలుగు కళ్ళు, చేతిలో పిస్తోలు ఆకారంలో ఒక టార్చిలైటు. ఒక మూల మీద వెలుగు కొడితే ఛానల్ మారుతుంది, ఇంకో మూల మీద కొడితే సౌండు ఆగుతుంది. అంతా బాగానే ఉంది గానీ కిటికీలోంచి ఎండ పడినా టీవీ దాన్ని ఆజ్ఞగానే తీసుకునేది. ఏ మూల ఏ పనికో కూడా మనిషే గుర్తుపెట్టుకోవాలి.

ఆ మరుసటి ఏడు, 1956లో, అదే కంపెనీలో రాబర్ట్ ఆడ్లర్ చేసిన 'స్పేస్ కమాండ్' గురించి క్లాసులో చెప్పేటప్పుడు నాకు గంట చాలదు. ఆడ్లర్ వియన్నాలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త. ఆయన రిమోట్‌లో బ్యాటరీ లేదు, బల్బు లేదు, తీగ లేదు. లోపల నాలుగు అల్యూమినియం కడ్డీలు, పొడుగులో ఒకదానికీ ఒకదానికీ రవ్వంత తేడా. బటన్ నొక్కితే స్ప్రింగు సుత్తి వెళ్ళి కడ్డీ కొసను టక్కున కొడుతుంది. కడ్డీ మోగుతుంది, కానీ ఆ మోత మనిషి చెవికి అందనంత పైస్థాయిలో ఉంటుంది. టీవీకి మాత్రం అందుతుంది. ఏ కడ్డీ మోగిందో పట్టి ఏ పని చెయ్యాలో తెలుసుకుంటుంది. బ్యాటరీ ఎందుకు వద్దన్నారంటే, అమ్మకాల వాళ్ళు భయపడ్డారు: బ్యాటరీ అయిపోతే కొన్నవాడు టీవీయే పాడైపోయిందనుకుంటాడని. ఆ భయం ఎంత నిజమో నాకు తెలుసు. రిమోట్‌లో సెల్లులు అయిపోయిన రోజున అమ్మ రిపేరు అబ్బాయిని పిలిచి, టీవీ మంచం మీద పడుకోబెట్టించి, వెనక మూత కూడా విప్పించింది.

స్పేస్ కమాండ్‌లో ఇంకో సంగతి ఉంది, ఇది చాలామంది చెప్పరు. చేతిలో వస్తువు అంత తేలిగ్గా ఉండటానికి టీవీ లోపల ఆరు వాక్యూమ్ ట్యూబులు అదనంగా పెట్టాల్సి వచ్చింది. దాంతో టీవీ ధర దాదాపు మూడోవంతు పెరిగింది. చిక్కు మాయమవలేదు, చేతిలోంచి పెట్టెలోకి వెళ్ళింది, దాని ఖరీదు బిల్లులో కనిపించింది. లారీ టెస్లర్ అని కంప్యూటర్లో కట్, కాపీ, పేస్ట్ అనేవి మనకు అలవాటు చేసిన పెద్దమనిషి, 2020లో పోయాడు. ఏ పనిలోనైనా తగ్గించడానికి వీల్లేని చిక్కు కొంత ఉంటుంది, ప్రశ్నల్లా దాన్ని తయారుచేసేవాడు మొయ్యాలా, వాడేవాడు మొయ్యాలా అన్నదే అని ఆయన వాదన. జెనిత్ వాళ్ళు తాము మోశారు. ఈ కాలం వాళ్ళు 83 బటన్లు పోసి, అమ్మను మొయ్యమన్నారు.

చెవికి అందని మోతతో పని చేయించే పద్ధతి 1980ల దాకా నడిచి, తర్వాత పరారుణ కాంతి వచ్చింది. ఇప్పుడు మనందరి చేతుల్లో ఉన్నది అదే. రిమోట్ ముక్కు దగ్గరుండే చిన్న ఎల్‌ఈడీ ఇచ్చే వెలుగు కంటికి కనిపించదు. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా పెట్టి, దానికేసి రిమోట్ చూపించి నొక్కండి, లేత ఊదారంగులో మినుకుమంటుంది. పిల్లలకు మొదటి ల్యాబు నేను దీంతోనే మొదలుపెడతాను. సెల్లులు ఉన్నాయా అయిపోయాయా తేల్చుకోవడానికీ ఇదే మార్గం, అరచేతిలో కొట్టడం కంటే నయం. ఆ మినుకులో చాలా వ్యవహారం ఉంది. వెలుగు సెకనుకు 38 వేల సార్లు ఆరి వెలుగుతూ ఉంటుంది, ట్యూబులైటు వెలుగునూ ఎండనూ చూసి టీవీ మోసపోకుండా. ఎక్కువమంది వాడే ఎన్‌ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పొడుగు పిలుపు, తర్వాత 4.5 మిల్లీసెకన్ల నిశ్శబ్దం, ఆపైన 32 బిట్ల సందేశం. ఎవరికి చెబుతున్నదీ ఒకసారి నేరుగా, ఒకసారి తలకిందులుగా. ఏం చెబుతున్నదీ అలాగే రెండుసార్లు. రెండూ పొసిగితేనే టీవీ నమ్ముతుంది. మొత్తం కలిపి 68 మిల్లీసెకన్లు.

ఇంత జాగ్రత్తగా చెప్పిన మాటకు టీవీ నుంచి బదులు రాదు. రిమోట్‌కు నోరుంది, చెవి లేదు. టీవీ విన్నదో లేదో, లేచిందో పడుకుందో దానికి తెలియదు. మధ్యలో ఎవరన్నా అడ్డం నడిచినా తెలియదు. చెవిటివాడి ముందు శంఖం అంటారే, ఇక్కడ ఊదేవాడే చెవిటివాడు. అలాంటప్పుడు ఎర్ర బటన్ 'లే' అనో 'పడుకో' అనో చెబితే కొంత నయం. కానీ అది చెప్పేది 'ఇప్పుడెలా ఉన్నావో దానికి తిరగెయ్' అని. ఇప్పుడెలా ఉందో ఎవరు గుర్తుపెట్టుకోవాలి? రిమోట్‌కు తెలియదు. ఉన్నది ఒక్క టీవీయే అయితే కంటికి కనిపిస్తుంది గనక ఇబ్బంది లేదు. రెండో పెట్టె వచ్చేసరికి ఆ భారం మనిషి బుర్ర మీద పడింది.

రెండో పెట్టె మన ఇళ్ళలోకి రావడం మరీ పాత ముచ్చటేమీ కాదు. కేబుల్ తీగ నేరుగా టీవీ వెనక గుచ్చుకున్నన్నాళ్ళూ ఒక్క రిమోటే అన్నీ చేసేది. కేబుల్ డిజిటల్ కావాలని ప్రభుత్వం గడువులు పెట్టాక, 2012 చివర్లో మహానగరాలతో మొదలై, 2013లో హైదరాబాదు, విశాఖపట్నాలకు, తర్వాతి విడతల్లో మిగతా ఊళ్ళన్నిటికీ సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. బొమ్మ స్పష్టంగా వచ్చింది, ఛానళ్ళు వందల్లోకి వెళ్ళాయి, ఇంటింటికీ రెండో ఎర్ర బటన్ వచ్చింది. మూడోది మా ఇంటికి అమెరికా నుంచి వచ్చింది. తమ్ముడు డాలస్ నుంచి సంక్రాంతికి వచ్చినప్పుడు సినిమాలు చూసుకొమ్మని ఒక పుల్ల తెచ్చి టీవీ వెనక గుచ్చి వెళ్ళాడు. దాని రిమోట్ ముచ్చటగా ఉంటుంది, పట్టుమని పదిహేను బటన్లు కూడా ఉండవు. కానీ ఆ తగ్గిన బటన్లన్నీ తెర మీదికెక్కి గళ్ళుగళ్ళుగా కూర్చున్నాయి. పక్కకు నాలుగు, కిందికి రెండు, మధ్యలో నొక్కు, మళ్ళీ వెనక్కి. అమ్మకు బటన్ వెతకడం తప్పి దారి వెతకడం వచ్చింది. నోటితో చెబితే చాలని తమ్ముడు మైకు బటన్ కూడా చూపించాడు. అమ్మ దాన్ని పట్టుకుని చాలా మర్యాదగా "ఈటీవీ పెట్టమ్మా" అంది. అది ఎవరిదో వంటల వీడియో పెట్టింది. అమ్మ కాసేపు చూసి, కూరలో ఉప్పెక్కువైందని వ్యాఖ్యానించి పక్కన పడేసింది.

ఈ జబ్బుకు మందు కనిపెట్టాలని చూసినవాళ్ళలో హేమాహేమీలున్నారు. ఆపిల్ కంపెనీ తొలి కంప్యూటర్లను తన చేత్తో కట్టిన స్టీవ్ వోజ్నియాక్, 1985లో అక్కడి పని వదిలి పెట్టిన కంపెనీ మొదటి వస్తువు ఏమిటనుకున్నారు? రిమోట్. 1987లో 'కోర్' అనే పేరుతో వచ్చింది. ఇంట్లో ఉన్న రిమోట్లన్నిటి సంకేతాలూ నేర్చుకునేది. ఒక్క నొక్కుకు వరసగా ఎన్నో పనులు చేసేటట్టు దానికి పాఠం చెప్పుకోవచ్చు. చెప్పుకోవచ్చు అన్నదే చిక్కు, పాఠం చెప్పడానికి వోజ్నియాక్ అంతటివాడు ఇంట్లో ఉండాలి. సామాన్యులకు అది కొరుకుడు పడలేదు.

తర్వాత వచ్చినవాటిలో నాకు నచ్చింది లాజిటెక్ వాళ్ళ హార్మొనీ. పెట్టెల పేర్లు వదిలేసి పనుల పేర్లు పెట్టారు: 'సినిమా చూడాలి', 'పాటలు వినాలి'. ఆ బటన్ నొక్కితే టీవీ, బాక్సు, స్పీకర్లు అన్నిటికీ ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకు అదే చెప్పుకుంటుంది. ఏది వెలిగించిందో, ఏది ఆపిందో లెక్క కూడా తనే రాసుకుంటుంది. ఎవరన్నా టీవీని చేత్తో ఆపేస్తే ఆ లెక్క తప్పుతుంది గనక 'సహాయం' అని ఒక బటన్ పెట్టారు. అది నొక్కితే రిమోట్ ఒక్కో ప్రశ్నా అడుగుతుంది. టీవీ వెలిగిందా? బొమ్మ వచ్చిందా? సౌండు వినిపిస్తోందా? అది తెలిసిన రోజున నేను చాలాసేపు నవ్వుకున్నాను. కాకినాడకు ఫోన్‌లో నేను చేస్తున్న ఉద్యోగం అదే. లాజిటెక్ వాళ్ళు 2021లో ఆ రిమోట్ల తయారీ మానేశారు. నాకింకా విరమణ దొరకలేదు.

పెట్టెలకే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం నేర్పితే అన్నది ఇంకో దారి. హెచ్‌డీఎంఐ తీగలో 13వ పిన్ను ఉన్నదే అందుకు. బాక్సు లేస్తే టీవీని లేపుతుంది, టీవీ పడుకుంటే బాక్సునూ పడుకోబెడుతుంది, బదులు కూడా పలుకుతుంది. నా దృష్టిలో ఇదే అసలైన వైద్యం. కానీ ఒక్కో కంపెనీ దీనికి తనదైన ముద్దుపేరు పెట్టుకుని సెట్టింగుల అడుగున ఎక్కడో దాచిపెట్టింది. అమ్మ కేబుల్ బాక్సు ఇప్పటికీ పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ తీగతోనే తగిలించి ఉంది. ఆ తీగలో బొమ్మా, సౌండూ వెళతాయి, మాటలు వెళ్ళవు.

అందుకని ఒక వేసవి సెలవుల్లో నేనే చెయ్యిపెట్టాను. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే సామానే: ఒక ఆర్డ్యునో బోర్డు, రెండు పరారుణ ఎల్‌ఈడీలు, ఒక ట్రాన్సిస్టర్, రిమోట్ భాషను చదవడానికి టీఎస్‌ఓపీ 1738 అనే మూడు కాళ్ళ పురుగు. ప్రోగ్రాము కోసం కెన్ షిరిఫ్ అనే ఆయన అందరికీ ఉచితంగా రాసిపెట్టిన లైబ్రరీ ఉంది. మా మూడో సెమిస్టర్ పిల్లలు ఇంతకంటే పెద్దవే కడతారు. కష్టమంతా ఏ బటన్‌కు ఏ అర్థం ఉండాలో తేల్చడంలోనే.

నాకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: ఏ బటన్ నొక్కినా, అంతకుముందు ఏం జరిగి ఉన్నా, ఎప్పుడూ ఒకటే ఫలితం రావాలి. 'వార్తలు' అంటే వార్తలు రావాలి, టీవీ పడుకుని ఉన్నా, లేచి ఉన్నా, తమ్ముడి పుల్ల మీద ఉన్నా. 'ఆఫ్' అంటే ఆగాలి. ఒకసారి నొక్కినా, కంగారులో నాలుగుసార్లు నొక్కినా ఆగే ఉండాలి.

తిరగేసే బటన్ మాత్రమే ఉన్న టీవీని కచ్చితంగా ఆపడం ఎలా? దీనికి రిమోట్ల పిచ్చివాళ్ళ లోకంలో ఒక పాత కిటుకు ఉంది. చాలా టీవీలు పడుకుని ఉన్నప్పుడు అంకె నొక్కినా లేస్తాయి. అమ్మ టీవీ కూడా అంతే. లేచి ఉన్నప్పుడు అంకె నొక్కితే ఛానల్ మారుతుందే తప్ప ఆగదు. అంటే అంకె అనేది వెలిగించడమే తెలిసిన బటన్. కాబట్టి టీవీని ఆపాలంటే ముందు వెలిగించాలి! అంకె పంపి, లేవడానికి నాలుగు క్షణాలు ఆగి, అప్పుడు ఎర్ర బటన్ సంకేతం పంపాలి. ఇప్పుడు అది తప్పనిసరిగా లేచే ఉంటుంది గనక, తిరగేస్తే తప్పనిసరిగా పడుకుంటుంది. పిల్లలకు ఇది చెప్పినప్పుడు ముందు నవ్వుతారు, తర్వాత నోట్సులో రాసుకుంటారు.

బొమ్మ ఎక్కణ్ణుంచి రావాలో చెప్పే ఏవీ బటన్‌దీ ఇదే రోగం. నొక్కినకొద్దీ చక్రం తిరుగుతుంది: యాంటెనా, ఏవీ, హెచ్‌డీఎంఐ, మళ్ళీ యాంటెనా. ఎక్కడున్నామో తెలియకుండా ఎన్నిసార్లు నొక్కాలో తెలియదు. అంకె ఇక్కడా ఆదుకుంది. అంకె నొక్కగానే అమ్మ టీవీ ఎక్కడున్నా వచ్చి యాంటెనా మీద కూర్చుంటుంది. అక్కణ్ణుంచి ఏవీకి ఒక్క నొక్కు. ముందు తెలిసిన చోటికి లాక్కురావాలి, తర్వాత అక్కణ్ణుంచి నడిపించాలి.

ఇక బాక్సు. దాన్ని ఆపడమే మానేద్దామన్నాను. పది వాట్లు తింటుందనుకున్నా నెలకు ఏడు యూనిట్ల చిల్లర. అమ్మ ఒప్పుకోలేదు. "ఆ లైటు రాత్రంతా కళ్ళు మిటకరించుకుని చూస్తుంటే కరెంటు తాగదంటావేంటే" అని, పడుకోబోయే ముందు గోడ మీద స్విచ్చి కట్టేసింది. మొదట విసుక్కున్నాను గానీ, ఆలోచిస్తే ఇంట్లో ఉన్న మంచి రిమోట్ ఆ గోడ స్విచ్చే. కిందికి ఉంటే వెలిగినట్టు, పైకి ఉంటే ఆగినట్టు. చీకట్లో తడిమినా తెలుస్తుంది. ఎవరు నొక్కినా, ఎప్పుడు నొక్కినా దానికి రెండో అర్థం లేదు. పైగా అమ్మ పొద్దున స్విచ్చి వెయ్యగానే బాక్సు తనంతట తనే లేచి కూర్చుంటుంది. అంటే నేను కోరుకున్న 'తెలిసిన చోటు' రోజూ ఆవిడే తయారుచేసి పెడుతోంది. బాక్సు ఎర్ర బటన్‌కు నా రిమోట్‌లో అసలు చోటే లేకుండా పోయింది.

గోడ స్విచ్చి ఇచ్చిన బుద్ధితోనే బటన్లు కూడా తీసేసి తిప్పే నాబ్ పెట్టాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న నలుపు తెలుపు టీవీకి అలాంటిదే ఉండేది, రెండు నుంచి పన్నెండు దాకా అంకెలతో. వచ్చే ఛానల్ ఒక్కటే అయినా ముల్లు ఎక్కడుందో గుమ్మంలోంచి కనిపించేది. ఇప్పటి నాబ్‌కు అయిదు స్థానాలు: ఆఫ్, భక్తి, సీరియల్, వార్తలు, సినిమా. తెలుగులో, లావుపాటి అక్షరాల్లో. పక్కన సౌండుకు రెండు పెద్ద బటన్లు. సెల్లులు పెట్టలేదు, జెనిత్ అమ్మకాల వాళ్ళ భయం గుర్తుంది గనక. పాత ఫోన్ ఛార్జర్ తగిలించి టీపాయ్ మీద బిగించాను. తీగ కాళ్ళకు తగలకుండా సోఫా వెనకనుంచి తెచ్చినా తీగ తీగే. 1950 నాటి లేజీ బోన్స్ దగ్గరికే తిరిగొచ్చానని మా ఆయన ఆట పట్టించారు. అయితే ఇది దిండు కిందికి పోదు, ఫ్రిజ్‌లో దొరకదు.

మరి ఇందులో చిక్కు ఎక్కడికి వెళ్ళింది? కొంత నా ప్రోగ్రాములోకి, కొంత పైవాటా అబ్బాయి నెత్తికి. కేబుల్ వాళ్ళకు ఉన్నట్టుండి ఛానళ్ళ నంబర్లు కలిపి పంచే అలవాటు ఉంది. నిన్నటిదాకా వార్తలున్న చోట రాత్రికి రాత్రి కన్నడ సీరియల్ ప్రత్యక్షమవుతుంది. అప్పుడు నాబ్‌ను ఆ స్థానంలో పెట్టి, డబ్బా వెనక చిన్న కన్నంలో పిన్నుతో నొక్కి, అసలు రిమోట్‌తో కొత్త నంబరు చూపించాలి. టీఎస్‌ఓపీ పురుగు చదివి గుర్తుపెట్టుకుంటుంది. ఇంటర్ చదివే ఆ కుర్రాడు ఈ పని రెండు నిమిషాల్లో చేసేస్తాడు, అమ్మ కాజాలు పెడుతుంది. అందుకోసమే ఆ 83 బటన్లూ బీరువాలో కవర్లతో సహా భద్రంగా ఉన్నాయి. సంతలో పెద్దవాళ్ళ కోసమని ఆరేడు పెద్ద బటన్లతో రిమోట్లు అమ్ముతున్నారు, చూశాను. వాటికీ అదే తిరగేసే ఎర్ర బటన్. బటన్ సైజు పెంచితే కనిపించడం మెరుగవుతుంది, అంతవరకే.

డబ్బా పని మొదలుపెట్టాక అమ్మ ఒక రోజు ఫోన్ చేసి, అన్నీ బాగానే ఉన్నాయి గానీ ప్రకటనలొచ్చినప్పుడు వాటి నోరు మూయించేది ఏదని అడిగింది. మెక్‌డొనాల్డ్ గారి ఆత్మ ఎక్కడున్నా సంతోషించి ఉంటుంది. నాకు మాత్రం ఇరకాటం వచ్చింది. మ్యూట్ కూడా తిరగేసే సంకేతమే. ఒకసారి నొక్కితే మూగ, ఇంకోసారి నొక్కితే మాట. నా షరతు ప్రకారం దానికి ప్రవేశం లేదు. రెండు రోజులు ఆలోచించాక తట్టింది: మ్యూట్ అయి ఉందో లేదో చెవికే తెలుస్తోంది కదా, మనిషి ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఇక్కడ తారుమారయ్యే రెండో పెట్టె కూడా లేదు. నాబ్‌నే కిందికి నొక్కితే మ్యూట్ అయ్యేటట్టు వైరు కలిపాను. ఇప్పుడు అమ్మ ప్రకటన మొదలవగానే నాబ్ మీద ఒక్కటి మొట్టి, వంటింట్లోకి వెళ్ళి పప్పు చూసుకొస్తోంది. తిరిగొచ్చేసరికి ఒక్కోసారి సీరియల్ మొదలై నాలుగు డైలాగులు అయిపోతున్నాయట. ప్రకటన ఆగగానే సౌండు దానంతటదే వచ్చేటట్టు పెట్టమంటోంది.